తిరగేసిన తోలు

"హోటల్ రాత్రి ఫోను నిన్న ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. శీతాకాలమంతా నా జేబులోనే ఉంటుంది."

"మోగిందా?"

"లేదు. ఒక్కసారి కూడా మోగలేదు."

గునిల్లా కళ్ళు తుడుచుకుంది. ఆ మంచు హోటల్‌కి మేనేజరు ఆవిడ. యజమాని ఓవె వాల్‌గ్రెన్ పొద్దున్నే నాలుగో నంబరు మంచుగదిలో బిగుసుకుపోయి దొరికాడు. మంచుతో చెక్కిన మంచం మీద, చొక్కా పాంటుతో, పైన ఏమీ కప్పుకోకుండా. తల వెనక దెబ్బ. శవాన్ని తీసుకెళ్ళిపోయారు. మంచుగదుల పక్కనే చెక్కతో కట్టిన వెచ్చటి భవనం ఉంది. అతిథుల వంట, స్నానం, సామాను అన్నీ అందులోనే. ఇవాళ విచారణ కూడా అందులోనే.

అడుగుతున్నది రావ్నా స్వొన్నీ. కల్లోవారా ఊరికీ, దాని చుట్టూ ఉన్న కొండలకీ కలిపి ఒకే ఒక్క పోలీసు ఇన్‌స్పెక్టరు. ఈ ఉత్తరపు కొండల్లో జింకల్ని మేపుకునే సామీ జాతి మనిషి. రెయిన్‌డీర్ల మంద వెనక పుట్టి పెరిగి, పోలీసు బట్టలు తొడుక్కుని, అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ కూడా కాకుండా పోయింది. యాభై దాటాయి. మాట్లాడ్డానికి ఇంట్లో ఎవరూ లేరు. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఆవిడతో మాట్లాడాలంటే ముందు ఏదన్నా నేరం జరగాలి.

"వాల్‌గ్రెన్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"రాత్రి భోజనాల దగ్గర. బాగా తాగి ఉన్నాడు. నడిచొస్తానని బయటికి పోయాడు. నేను వెళ్ళి పడుకున్నాను. పొద్దున మా పనివాడు ఫిల్మోన్ అరిస్తేనే లేచాను."

"పోయిన వసంతంలో నది మీద కంచె పీకించింది ఎవరో ఇప్పటికైనా తెలిసిందా?"

మెడకి ఉన్ని పట్టీ చుట్టుకుంటున్న గునిల్లా చెయ్యి ఆగింది. "దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఊరికే అడిగాను."

"గాలికి పడిపోయి ఉంటుందని మీరే కదా రాసుకెళ్ళారు?"

ఆ మాట సూదిలా దిగింది. చలి చివర్లో ఈ హోటల్ వాళ్ళు నదిలోంచి మంచుదిమ్మలు కోసుకుపోతారు. వచ్చే ఏడాదికి గదులు కట్టుకోడానికి. కోసిన చోట పైన పలచటి మంచుపెచ్చు కట్టి, కొత్త మంచు కురిసి, కింద మడుగుందని తెలియకుండా పోతుంది. అందుకే చుట్టూ కంచె వెయ్యాలని ఒప్పందం. పోయిన వసంతంలో కంచె లేదు. రావ్నా బాబాయి పియెరా మంద ఆ దారినే నది దాటింది. ముందు నడిచే ఆడజింక మునిగింది. దాని వెనకున్నవి దాని వెనకే పోయాయి. జింకలు అంతే, ముందున్నదాన్ని నమ్ముతాయి. కంచె సంగతి అడిగితే గాలి అన్నారు. గాలిని అరెస్టు చెయ్యలేరు కాబట్టి కేసు మూసేశారు. కింద సంతకం రావ్నాది.

నది ఎవడబ్బ సొమ్ము? అందరిదీ. అందరిదీ అంటే కోసుకోగలిగినవాడిదని ఈ దేశంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఇంక చాలు రావ్నా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఎకెలుండ్. లూలెయో పట్నం నుంచి దిగిన పెద్ద ఇన్‌స్పెక్టరు. పొడుగ్గా, శుభ్రంగా, కొత్త బూట్లతో ఉన్నాడు. "ఆవిడ ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలి. అతిథులు దిగుతున్నారంట."

"యజమాని పోయిన రోజున కూడానా?"

"చలిలో పడుకోడానికి ఏడాది ముందు డబ్బు కట్టారండీ," అంది గునిల్లా. "శవం ఉంది, రావద్దంటే ఊరుకుంటారా? ఇంకా సరదాపడతారు."

"వెళ్ళిరండమ్మా," అన్నాడు ఎకెలుండ్. "ఏమన్నా కావాలంటే పిలుస్తాం."

ఆవిడ వెళ్ళిపోయింది. రావ్నా ఎకెలుండ్ వైపు తిరిగింది.

"ఇంకా అడగాల్సినవి ఉన్నాయి నాకు."

"నాకు లేవు. నా మనిషి నాకు దొరికాడు."

*

ఈ దేశంలో పోలీసులు అరవరు. పేరు పెట్టి పిలిచి, కాఫీ పోసి, చక్కెర కావాలా అని అడిగి, మనిషిని లోపలేస్తారు. ఫిల్మోన్ ముందు కూడా కాఫీ ఉంది. చేతులకి బేడీలు ఉండటంతో అతను దాన్ని తాగలేదు. ఆరబెట్టే గదిలో కూర్చోబెట్టారు అతన్ని. చుట్టూ తీగెల మీద అతిథులు రాత్రి వాడిన స్లీపింగ్ బ్యాగులు తిరగేసి వేలాడుతున్నాయి. చలిగదిలోంచి తెచ్చిన బ్యాగు లోపల చెమ్మ పట్టి ఉంటుంది. దాన్ని తిరగేసి ఆరెయ్యకపోతే మర్నాటికి పనికిరాదు.

ఫిల్మోన్ ఎరిత్రియావాడు. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే గదిగదికీ వెళ్ళి, మంచు మంచం మీద మునగదీసుకున్న అతిథికి వేడివేడి లింగన్ పళ్ళ రసం అందించి నిద్ర లేపడం అతని పని. ఎడారి దేశంలో పుట్టినవాడు ధ్రువం దగ్గర జనానికి వేడి రసం పోస్తున్నాడు. అది చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. అతనూ నవ్వేవాడు. ఇవాళ నవ్వట్లేదు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అన్నాడు ఎకెలుండ్. "నాలుగో గదిలో చెక్కడం ఇంకా పూర్తవలేదు. ఎవరికీ ఇవ్వలేదు. చేతిలో కప్పు పట్టుకుని ఖాళీ గదిలోకి ఎందుకెళ్ళావు?"

"తెర అంచుకి నూగు పట్టి ఉంది సార్."

"ఏ నూగు?"

"మంచుగదులకి తలుపులుండవు కదా, తోలు తెరలే. లోపల మనిషి పడుకుంటే వాడి ఊపిరికి పొద్దుటికల్లా తెర అంచు తెల్లబడుతుంది. ఖాళీ గదికి పట్టదు. నాకు చెప్పకుండా ఎవరికో ఇచ్చారనుకుని రసం తీసుకెళ్ళాను."

"లేదు. రాత్రి నువ్వే అతన్ని వెనకనుంచి కొట్టి, అక్కడికి ఈడ్చుకెళ్ళి పడేశావు. పొద్దున వెళ్ళి దొరికాడని అరిచావు. వచ్చే నెలనుంచి పనిలోకి రావద్దని వాల్‌గ్రెన్ నీతో అన్నాడా లేదా?"

"అన్నాడు. ఏటా అంటాడు. తాగినప్పుడు అంటాడు, దిగాక మర్చిపోతాడు."

"ఈసారి మర్చిపోయే అవకాశం ఇవ్వలేదు నువ్వు. పని పోతే నీ పర్మిట్టూ పోతుంది."

ఫిల్మోన్ రావ్నా వైపు చూశాడు. "అక్కా, మా ఆవిడా పిల్లా వచ్చే నెల వస్తున్నారు. ఆరేళ్ళు చూశాను దీనికోసం. నా మీద కేసంటే వాళ్ళని అక్కడే ఆపేస్తారు. నేను జైల్లో ఉంటే ఉన్నాను. వాళ్ళని ఆపించకండి."

రావ్నా లేచింది. ఎకెలుండ్‌ని వసారాలోకి లాక్కెళ్ళింది.

"వాడు కాదు."

"సాక్ష్యం?"

"గది చూడనియ్యి."

"నావాళ్ళు చూశారు. రక్తం చుక్కలేదు, ఆయుధం లేదు, వేలిముద్ర లేదు. ఉన్నది మంచు. మంచునేం అడుగుతావు?"

"అడగడం వచ్చినవాళ్ళం అడుగుతాం."

"మధ్యాహ్నం కారు బయల్దేరుతుంది. వాడు అందులో ఉంటాడు. ఆలోపల నీ మంచుతో నువ్వు మాట్లాడుకో." అతను నవ్వాడు. "ఎటూ నీతో మాట్లాడేవాళ్ళు ఇంకెవరున్నారు?"

కుళ్ళుమాట కాదు అది, నిజమే. రావ్నా టార్చి తీసుకుని మంచుగదుల వైపు నడిచింది.

*

మంచుగోడల మధ్య చప్పుడుండదు. బయట ట్రాక్టరు నడిచినా లోపలికి వినపడదు. అతిథులు దాన్ని శాంతి అని ఫొటోలు తీసుకుంటారు. రావ్నాకి మాత్రం అది తన ఇంటిని గుర్తుచేస్తుంది.

నాలుగో గది. ఒక మంచం, పక్కన సగం చెక్కి వదిలేసిన నక్క బొమ్మ. మంచం మీద పరిచిన జింక తోళ్ళు అలాగే ఉన్నాయి. శవాన్ని ఎత్తుకెళ్ళినవాళ్ళు వాటిని కదపలేదు. కదపనందుకు రావ్నా మొదటిసారి లూలెయోవాళ్ళని మనసులో మెచ్చుకుంది.

టార్చి ముందు పైకప్పు మీద వేసింది. అంతటా నున్నగా ఉంది, ఒక్క చోట తప్ప. తల ఉన్న చోటికి సరిగ్గా పైన, వెడల్పుగా, తెల్లటి మంచుఈకలు వేలాడుతున్నాయి. ఊపిరి పైకి వెళ్ళి చల్లబడి అంటుకున్నవి. నాలుగు శ్వాసలకి అంత పట్టదు. గంటలు కావాలి. అంటే వాల్‌గ్రెన్ ఇక్కడికి శవంగా రాలేదు. ఇక్కడ పడుకుని చాలాసేపు బతికాడు. ఫిల్మోన్ తెర అంచున నూగు చూశానన్నది అబద్ధం కాదు.

తోలు మీదికి వంగింది. మనిషి బరువుకి బొచ్చు అణిగిన గుర్తు ఉండాలి. ఉంది. కానీ అది మనిషి ఆకారం కాదు. భుజాలు లేవు, మోచేతులు లేవు. సొరకాయలా గుండ్రంగా, పొడుగ్గా ఒకే అచ్చు. దాని చుట్టూ బొచ్చుకొసల మీద సన్నటి మంచుపొడి, అచ్చు లోపల మాత్రం పొడి లేదు. అది స్లీపింగ్ బ్యాగు అచ్చు. వాల్‌గ్రెన్ పడుకున్నది బ్యాగులో. తరవాత ఎవరో దాన్ని ఒంటి మీదనుంచి ఒలిచేశారు, అరటిపండు తొక్కలా.

ఒలిచాక ఇక్కడ కాసేపు నిలబడే ఉంటారు. చూస్తూ.

రావ్నా చేతి తొడుగు తీసి, తోలు అంచు పట్టుకుని పైకెత్తింది. కింద ఇంకో తోలు ఉంది. అందులో వింతేం లేదు. కానీ ఆ కింది తోలుకి బొచ్చు కనపడలేదు. బోసి చర్మం కనపడింది. తిరగేసి వేశారు.

తెర తీసి పక్కగదిలోకి వెళ్ళి చూసింది. అక్కడ తోళ్ళన్నీ బొచ్చు పైకే, ఒకదానిమీద ఒకటి, అందంగా. తోళ్ళకి మెడ ఉన్న కొసలన్నీ దిండు వైపు. హోటల్ పద్ధతి అదే. ఫొటోలో మెత్తగా కనపడాలి, అంతే. వెనక్కొచ్చింది.

కింది తోలు బొచ్చు మంచులోకి, పై తోలు బొచ్చు మనిషికి, రెండు చర్మాలూ ఒకదానికొకటి ఆనుకుని. కొండల్లో మంద వెనక తిరిగేవాళ్ళు వేసే పక్క ఇది. కింది బొచ్చు చలిని అక్కడే పట్టి ఆపుతుంది. గుడారం లేకుండా మంచుమీద రాత్రి గడిపి పొద్దున లేవాలనుకునేవాడు ఇలా వేస్తాడు. లేదా పక్కవాడు లేవాలనుకునేవాడు.

చంపేవాడు ఇంత శ్రమ పడడు.

అప్పుడు పై తోలుకి మెడ ఎక్కడుందా అని చూసింది. చూసి, టార్చి దగ్గరగా పెట్టి మళ్ళీ చూసింది.

మెడ కాళ్ళ వైపు ఉంది.

జింక బొచ్చు మెడనుంచి తోక వైపుకి వాలి ఉంటుంది. మెడని కాళ్ళ దగ్గర పెడితే, మనిషి కిందికి జారబోతే బొచ్చు ఎదురుతిరిగి ఆపుతుంది. ఏటవాలు కొండల్లో గుడారం వేసుకున్న వాళ్ళ తాత పెట్టుకున్న అలవాటు అది. లోయలో మిగతా సామీ కుటుంబాలు దానికి నవ్వేవి. స్వొన్నీలు జింకని తలకిందులుగా పడుకోబెడతారని ఎగతాళి. తాత పోయాడు. నాన్న పోయాడు. ఊళ్ళో రావ్నా ఉండే ఇంట్లో, ఇద్దరు పట్టే మంచం మీద, ఒకవైపు మాత్రమే ఒక తోలు పరిచి ఉంటుంది. మెడ కాళ్ళ వైపు. రెండో వైపు ఏమీ పరచలేదు ఎప్పుడూ.

ఈ భూమ్మీద పక్క ఇలా వేసేవాళ్ళు ఇంకా ఇద్దరే మిగిలారు. ఒకరు తను.

*

"మాట్లాడిందా నీ మంచు?"

ఎకెలుండ్ తెర తీసుకుని లోపలికొచ్చాడు. నున్నటి నేలమీద కొత్త బూట్లు జారి, నక్క చెవి పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చెవి విరిగి చేతిలోకొచ్చింది.

"సాక్ష్యం పాడుచెయ్యకు," అంది రావ్నా.

"నక్క సాక్ష్యమా?"

"పైకి చూడు."

చూశాడు. ఆవిడ చెప్పింది. ఊపిరీ, ఈకలూ, గంటలూ. తరవాత బ్యాగు అచ్చు చూపించింది. అతను వంగి, తన టార్చితో తనే మళ్ళీ చూశాడు. వెటకారం చేసేవాడే గానీ గుడ్డివాడు కాదు.

"సరే, బతికుండగానే తెచ్చాడు. బ్యాగులో పెట్టాడు, తరవాత తీసేశాడు. వాడే."

"ఒకడే అయితే పెట్టడమెందుకు, తియ్యడమెందుకు? పెట్టింది ఒకరు, తీసింది ఇంకొకరు. పెట్టినవాళ్ళు బతికించాలనుకున్నారు. కింది తోలు ఎత్తి చూడు."

ఎత్తాడు. "తిరగబడింది. అయితే?"

"హోటల్ వాళ్ళు వేసే పక్క కాదిది. ఫిల్మోన్‌కి ఇలా వెయ్యడం తెలీదు. ఈ హోటల్లో ఎవరికీ తెలీదు."

"మరి ఎవరికి తెలుసు?"

రావ్నా పై తోలుకి మెడ ఉన్న కొస వైపు చూసింది. నోరు మూసుకుంటే చాలు. కారు మధ్యాహ్నం బయల్దేరుతుంది, ఫిల్మోన్ అందులో ఉంటాడు. కోర్టులో జింక తోలుకి మెడ ఎక్కడుందని ఎవరూ అడగరు. ఆరేళ్ళు ఎదురుచూసిన ఒక ఆవిడా, ఒక పిల్లా ఎక్కడో విమానం ఎక్కకుండా ఆగిపోతారు. అంతే. రావ్నా ఇంటికి పోయి తన తోలు మీద తను పడుకోవచ్చు.

"మా బాబాయికి," అంది.

ఎకెలుండ్ చేతిలోని నక్క చెవిని మెల్లిగా మంచం మీద పెట్టాడు. "పియెరా స్వొన్నీ? జింకలు మునిగిపోయాయని వాల్‌గ్రెన్ మీద చెయ్యి చేసుకున్నాయన?"

"ఆయనే."

"హోటల్ చాయలకి రావద్దని కోర్టు చెప్పిందాయనకి."

"చెప్పింది."

"అంటే పగ ఉన్నవాడు, రాకూడని చోటికి రాత్రిపూట వచ్చాడు. వచ్చి, శత్రువుకి మెత్తగా పక్కేసి జోకొట్టి పోయాడు. అదేనా నువ్వు చెప్పేది?"

"అదే."

"నేనైతే అలా చదవను. ముసలాడు కొట్టాడు, చచ్చిపోతాడేమోనని భయపడి పడుకోబెట్టాడు, మళ్ళీ మనసు మారి బ్యాగు లాగేశాడు. ఎలా ఉంది?"

"మనసు అన్నిసార్లు మార్చుకునే మనిషి కాదు. కేసు మూశాక నాతో మాట్లాడనని చెప్పి ఇప్పటికీ మాట్లాడలేదు."

"రావ్నా, ఈ క్షణంనుంచి నువ్వు ఈ కేసులో ఉండకూడదు. సొంత రక్తం. రూలు తెలుసుగా?"

"తెలుసు. ఒక్క ఫోను చేస్తాను, విను. తరవాత తప్పించు."

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, వెటకారం మానేశాడు. "స్పీకర్ పెట్టి చెయ్యి. నేనున్నానని చెప్పకు."

మంచుగదిలో ఫోను పలకదు. ఇద్దరూ ఆరబెట్టే గదికి వచ్చారు. ఫిల్మోన్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కాఫీ చల్లారిపోయింది.

"గునిల్లా మంచుస్కూటరేసుకుని పోయింది అక్కా," అన్నాడు. "ఇంత జరిగాక కూడా నా వైపు చూడలేదు. ఆవిడ కూడా నేనే అనుకుంటోందా?"

రావ్నా వినలేదు, వేలాడే బ్యాగులవైపు చూస్తోంది. "పొద్దున నువ్వు వచ్చేటప్పటికి ఇక్కడ బ్యాగులేమన్నా ఉన్నాయా? అతిథులు లేవకముందు?"

ఫిల్మోన్ ఆలోచించాడు. "ఒకటుంది. ఆ చివరి తీగె మీద. చక్కగా తిరగేసి, పైన మూత విప్పి ఆరేసి ఉంది. ఇంకా చుక్కలు కారుతోంది. రాత్రి ఎవరో చలికి తట్టుకోలేక లేచొచ్చేశారేమో, గునిల్లా ఆరేసిందేమో అనుకున్నా."

ఎకెలుండ్ ఆ చివరి బ్యాగు దగ్గరకి వెళ్ళి, రెండు వేళ్ళతో లోపలి బట్ట పట్టుకుని దీపానికి ఎదురుగా పెట్టాడు. తల ఆనేచోట గోధుమరంగు మరక, అరచేయంత. అతని మొహం మారింది.

చంపినవాళ్ళు బ్యాగు ఎక్కడన్నా పారెయ్యచ్చు. బయట అంతా మంచే, తవ్వి పూడిస్తే ఎండాకాలం దాకా దొరకదు. కానీ చేతికి అలవాటొకటి ఉంటుంది కదా. గదిలోంచి బ్యాగు తెస్తే తిరగేసి తీగెకి వెయ్యాలి. ఏటా శీతాకాలమంతా చేసిన చెయ్యి, ఆ రాత్రీ అదే చేసింది.

"ఇది కొండల్లో తిరిగేవాడి పని కాదు," అంది రావ్నా. "ఇది మాత్రం హోటల్ చెయ్యి."

"ఫిల్మోన్‌దీ హోటల్ చెయ్యే," అన్నాడు ఎకెలుండ్. కానీ గొంతులో ముందటి పొగరు లేదు. "ఫోన్ చెయ్యి."

*

నంబరు వెతుక్కోనక్కర్లేదు. ఎన్నో ఏళ్ళుగా అదే. పియెరా చలికాలమంతా గడిపే గుడిసె చెరువు ఒడ్డున, స్కూటరు మీద అరగంట దూరం. గుడిసెలో ఒక్క కిటికీ దగ్గరే సిగ్నలు దొరుకుతుంది. అందుకని ఆయన ఇంట్లో ఉంటే ఫోను కిటికీ పక్కన మేకుకి తగిలించి ఉంటుంది. మోగితే ఆయన లేచి రావాలి. రావచ్చు, రాకపోవచ్చు.

చాలాసేపు మోగింది.

"ఎవరు?"

"నేను బాబాయ్. రావ్నాని."

అవతల గాలి చప్పుడు. కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది.

"జింకలేమన్నా మునిగాయా మళ్ళీ?" అన్నాడు పియెరా. "లేకపోతే నువ్వెందుకు చేస్తావు?"

"రాత్రి నాలుగో గదిలో పక్క వేసింది నువ్వేనా?"

మళ్ళీ గాలి. తరవాత ముసలాయన ముక్కులోంచి చిన్న నవ్వు. "తోలు చూసి కనుక్కున్నావా?"

"మెడ చూసి."

"అయితే మర్చిపోలేదన్నమాట." గొంతు కొంచెం మెత్తబడింది. "చేతికి అదే వస్తుంది పిల్లా, ఏం చెయ్యను? ఆ తాగుబోతుని అలా వదిలేసి రాలేకపోయాను."

"ఏం జరిగిందో చెప్పు. మొత్తం."

"కంచె సంగతి అడుగుదామని వెళ్ళాను. ఈ ఏడు కూడా వెయ్యరేమోనని. హోటల్లోకి కాదు, నది ఒడ్డుకి. అక్కడికి రావద్దని ఎవరూ చెప్పలేదుగా? మంచుదిమ్మల దగ్గర వాడొక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. నన్ను చూసి ఇంకా ఏడ్చాడు. కంచె గాలికి పడలేదు పియెరా, గునిల్లా పీకించింది, మేకులు ఫొటోల్లో పడుతున్నాయని పీకించింది, నేను చూసి కూడా ఊరుకున్నాను, రేపే వెళ్ళి చెప్పేస్తాను అన్నాడు. నా చెయ్యి పట్టుకోబోయి జారి, వెనక్కి దిమ్మ మీద పడ్డాడు. తల పగిలింది."

ఎకెలుండ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చప్పుడు కాకుండా.

"తరవాత?"

"తరవాతేముంది, మోశాను. వెచ్చగా ఉన్నచోటికి తీసుకెళ్దామంటే ఆ తలుపు నా మొహం మీద వేసి ఏడాదవుతోంది. దగ్గర్లో ఉన్నది ఆ చెక్కుతున్న గది. బల్ల మీద తోళ్ళున్నాయి, బ్యాగులున్నాయి. తలకి మంచు అదిమి రక్తం ఆపి, బ్యాగులో దూర్చి, మెడదాకా బిగించాను. ఊపిరి బాగా ఆడుతోంది. బయటికొచ్చి, నా ఫోనులోంచి హోటల్‌కి చేశాను. రాత్రి ఫోను. ఆవిడెత్తింది."

"గునిల్లా."

"ఆవిడే. ఫలానా గదిలో ఉన్నాడమ్మా, తల పగిలింది, డాక్టర్ని పిలిపించు అన్నాను. కంచె సంగతి చెప్పేశాడు, రేపు అందరికీ చెప్తానన్నాడు, ఇక దాచడం దండగ అని కూడా అన్నాను. ఎందుకు దాచాలి నేను? సరే, నేను చూసుకుంటాను, మీరు వెళ్ళిపోండి, లేకపోతే పోలీసులు మిమ్మల్ని పట్టుకుంటారు అంది. మర్యాదగానే అంది."

ఒక్కసారి కూడా మోగలేదు అంది పొద్దున, కళ్ళు తుడుచుకుంటూ. ఎకెలుండ్ లేచి, జేబులోంచి తాళంచెవి తీసి ఫిల్మోన్ బేడీలు విప్పాడు.  ఫిల్మోన్ మణికట్లు రుద్దుకున్నాడు.

రావ్నా ఫోను దగ్గరకి లాక్కుంది. పోయిన వసంతంనుంచీ చెయ్యాల్సిన ఫోను ఇది. గాలి కాదు బాబాయ్ అని చెప్పాల్సింది తను. చెప్పింది ఆ తాగుబోతు.

"బాబాయ్, విను. వాల్‌గ్రెన్ చచ్చిపోయాడు."

"ఎవరు?"

"వాల్‌గ్రెన్. పొద్దుటికి చచ్చిపోయి ఉన్నాడు. బ్యాగు ఎవరో తీసేశారు."

"పిచ్చిదానా, చావడమేంటి? లేచి కూర్చుని సూపు తాగాడంట. ఇప్పుడేగా చెప్పిందీ."

"ఎవరు చెప్పింది?"

"ఆ గునిల్లాయే. ఇక్కడే ఉంది. నాకు థాంక్సు చెప్పడానికి స్కూటరు మీద ఇంత దూరం వచ్చింది పాపం. నది మీద కంచె ఎక్కడ వెయ్యాలో నన్నే వచ్చి చూపించమంటోంది, ఇప్పుడే వెళ్దామంటోంది. కాఫీ తాగి బయల్దేరతాం. నువ్వు చెప్పేదానికీ ఆవిడ చెప్పేదానికీ పొంతన లేదే..."

"బాబాయ్! ఆవిడతో నది మీదికి వెళ్ళొద్దు. కుక్కని లోపలికి పిలువు. వినపడుతోందా? బాబాయ్!"

అవతల ఏదో మాట. ముసలాయనది కాదు. "నేను మాట్లాడతాను, ఇలా ఇవ్వండి," అన్నట్టు. ముసలాయన చేతిలోంచి ఫోను లాగిన చప్పుడు.

"రావ్నా గారూ," అంది గునిల్లా, ఎయిర్‌పోర్టులో అతిథిని పలకరించే గొంతుతో. "మీ బాబాయికి చెవుడనుకుంటాను. నాకు మాత్రం అన్నీ బాగా వినపడ్డాయి."

తరవాత బూట్ల చప్పుడు, చెక్కనేల మీద, కిటికీకి దూరంగా. రెండడుగులు. మూడో అడుగుకి సిగ్నలు పోయింది.